తల్లయితే ఆట ముగిసినట్టేనా?

“బిడ్డ పుట్టాక ఇంకేం ఆటలే!” ఈ మాట మన ఇళ్లల్లో కొత్తదేం కాదు. ఆట అన్నచోట ఉద్యోగం, చదువు, సంగీతం ఏదైనా పెట్టుకోవచ్చు. ఇలా అనేవాళ్లకు నార్వే క్రీడాకారిణి మారిట్ బ్యోర్గెన్ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

1980లో పుట్టి పల్లెటూళ్లో పెరిగిన ఈమెది క్రాస్‌కంట్రీ స్కీయింగ్. పాదాలకు పొడుగాటి స్కీలు బిగించుకుని, చేతికర్రల ఊతంతో మంచులో కిలోమీటర్ల కొద్దీ ఎత్తుపల్లాలు దాటుకుపోవాలి. ఊపిరితిత్తులకు అదో అగ్నిపరీక్ష.

2002లో రిలే రజతంతో ఒలింపిక్ ఖాతా తెరిచినా, మొదటి స్వర్ణానికి 2010 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి ముప్ఫై నిండబోతున్నాయి. ఆ ఏడు వాంకూవర్‌లో మూడు స్వర్ణాలు, 2014లో సోచిలో మరో మూడు. 2015 డిసెంబరులో కొడుకు పుట్టాడు. ఇక చాలనుకోలేదామె. 2017 ప్రపంచ పోటీల్లో నాలుగు స్వర్ణాలు, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఐదు పతకాలు! ఆఖరి 30 కిలోమీటర్ల పోటీలో రెండో ఆమెను నిమిషంన్నరకు పైగా వెనక వదిలేసింది. మొత్తం 15 ఒలింపిక్ పతకాలు. శీతాకాల ఒలింపిక్స్‌లో అప్పటిదాకా ఆడా మగా ఎవరికీ అన్ని రాలేదు. ఆ ఏడే ఆట నుంచి తప్పుకుంది.

ఇదంతా ఆమె పట్టుదలేనని చప్పట్లు కొట్టి ఊరుకుంటే సగమే చూసినట్టు. జీవిత సహచరుడు ఫ్రెడ్ బ్యోర్రె లుండ్‌బర్గ్ 1994 ఒలింపిక్ విజేత, సాధనంటే ఏమిటో తెలిసినవాడు. పైగా నార్వేలో 1993 నుంచే తండ్రికంటూ విడిగా సెలవుంది. తండ్రి వాడుకోకపోతే అది పోయినట్టే. పిల్లాణ్ణి చూడ్డం భార్యకు చేసే సాయం కాదు, తండ్రి పనే అని చట్టమే ఒప్పుకుందన్నమాట.

అక్కడా అన్నీ సమానమేం కాదు లెండి. 2018లో మగవాళ్లకు 50 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 30. ప్రపంచ పోటీల్లో ఆడవాళ్లు 50 కిలోమీటర్లు వెళ్లింది 2025లోనే, బ్యోర్గెన్ పుట్టిన ట్రాన్‌హైమ్‌లో. అందులో రజతం గెలిచిన తెరేసె యోహాగ్ కూడా ఓ పసిపాప తల్లే!

శక్తి ఎప్పుడూ ఉంది, ఇవ్వాల్సింది అవకాశం. మన కూతురో కోడలో ఆగిపోయిన పనిని మళ్లీ అందుకుంటానంటే, “బిడ్డను నేను చూస్తాలే, నువ్వెళ్లు” అనే గొంతు ఇంట్లో ఎవరిదో ఒకరిది లేవాలి. అది తండ్రిదైతే మరీ మంచిది.