వీడియో జూసి బాయిల దిగుతరా?

గిప్పుడు శాన కంపెనీలు ట్రైనింగును ఫోన్లకే పంపుతున్నయ్. ఒకటి, టైముకు కూసోవెట్టి సారు చెప్పే లైవ్ క్లాసు. ఇంకోటి, మన తీరుబడిల జూసుకునే వీడియో. ఏది మంచిదంటే, ముందుగాల పనేందో చెప్పుండ్రి అంట నేను.

మన సింగరేణి బాయిలనే తీసుకుండ్రి. కొత్తోళ్లను నేర్పకుండ పనిల దించొద్దని 1966ల అచ్చిన మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్‌లనే వెట్టిన్రు. పైకప్పును రాడుతోని కొట్టి ఇంటరు. గట్టిగ మోగితె సరే, డొల్ల సప్పుడొస్తె పొర వదులైనట్టు. గా సప్పుడు ఫోన్ స్పీకర్ల ఎట్ల తెలుస్తది? పక్కపొంటి సీనియర్ నిలవడి "మల్ల కొట్టు, ఇప్పుడిను" అనాలె.

అట్లని వీడియోలు దండుగ అంటలేను. నైట్ షిఫ్ట్ జేసొచ్చినోనికి పొద్దుగాల లైవ్ క్లాసంటె కండ్లు మూతలు వడ్తయ్. రూల్స్ అసొంటియి పండి లేసినంక రెండుసార్లు జూస్తెనే ఎక్కుతయ్. ఆదిలాబాద్ గుట్టలల్ల సిగ్నల్ పోతె లైవ్ క్లాసు ఆడికే ఖతం, డౌన్‌లోడ్ జేసింది మాత్రం ఉంటది.

బడి సార్ల 'నిష్ఠ' ట్రైనింగ్ 2019ల ఎదురుంగ కూసోవెట్టి షురూ జేసిన్రు. కరోనా వచ్చినంక 2020ల దీక్షల వెట్టిన్రు, 18 మాడ్యూల్స్. టైం కలిసొస్తది గని, వీడియోను డౌట్ అడుగుతె చెప్తదా?

ఇంకో తిరకాసున్నది. "ఎప్పుడన్న జూసుకో" అంటె శానసార్లు జీతం లేని గంటలల్ల జూసుకో అన్నట్టే. గందుకే కొత్తగ నౌకర్ల జేరే తమ్ముండ్లు, చెల్లెండ్లు సంతకం వెట్టకముందే అడుగుండ్రి: ట్రైనింగ్ గంటలు డ్యూటీల కలుస్తయా? డౌటొస్తె ఎవలికి ఫోన్ జెయ్యాలె?