నాలుగో ఏ-లెవెల్ ఎవరి కోసం?

"మీ అమ్మాయి ఎన్ని తీసుకుంటోందండీ?"

ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లలున్న ఏ తెలుగు ఇంటికెళ్ళినా వినపడే ప్రశ్న ఇది. ఏం తీసుకుంటోంది అని కాదు, ఎన్ని అని. మూడు అంటే జాలిగా చూస్తారు. నాలుగంటే "గుడ్, గుడ్" అంటారు. అయిదంటే వంటింట్లోంచి భార్యని పిలిచి మరీ చెప్తారు. రెడింగ్, స్లౌ, హౌన్స్లో, మిల్టన్ కీన్స్... మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఇదే వరస. ఈ అంకెల పిచ్చి మీద నాకు చాలా రోజులుగా మంటగా ఉంది. ఇవాళ వెళ్ళగక్కేస్తాను.

హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుని చదువుతున్న వాళ్ళకి ముందు రెండు ముక్కలు. సిక్స్త్ ఫామ్ అంటే ఆరో తరగతి కాదు. మన తాతలు మద్రాసు రాష్ట్రంలో "థర్డ్ ఫారం దాకా చదివా, సిక్స్త్ ఫారం తప్పా" అనేవాళ్ళే, ఆ లెక్క ఇక్కణ్ణుంచి వచ్చిందే. మన దగ్గర ఆ మాట పోయింది, ఇక్కడ మిగిలింది. ఇప్పుడు దానర్థం 16 నుంచి 18 ఏళ్ళ వరకూ చదివే రెండేళ్ళు, అంటే మన ఇంటర్ అన్నమాట. పదో తరగతి లాంటి జీసీఎస్ఈలో తొమ్మిదో పదో సబ్జెక్టులు చదివిన పిల్లలు ఒక్కసారిగా మూడుకి దిగిపోతారు. వీటినే ఏ-లెవెల్స్ అంటారు. 1951 నుంచీ ఉన్నాయి. గ్రూపులంటూ ఏమీ లేవు. లెక్కలు, చరిత్ర, బయాలజీ కలిపి తీసుకున్నా అడిగేవాడు లేడు, బడిలో టైంటేబుల్ కుదిరితే చాలు.

గ్రూపులు లేకపోవడమే మనవాళ్ళ కొంప ముంచింది. పదిహేనేళ్ళప్పుడు మనందరికీ ఎంపీసీయా బైపీసీయా అని ఒక తాడు మెళ్ళో వేశారు. ఏదో ఒకటే. ఇక్కడ ఆ అడ్డు లేదని తెలియగానే తండ్రికి మెరుపులా ఐడియా వస్తుంది: రెండూ తీసుకుంటే పోలా? లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. ఇటు ఇంజనీరింగు, అటు మెడిసిను, రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఇంకేం కావాలి?

ఆ తలుపుల సంగతే చూద్దాం.

చాలా మెడికల్ స్కూళ్ళు కెమిస్ట్రీ, బయాలజీ అడుగుతాయి. కొన్నిటికి కెమిస్ట్రీతో పాటు ఇంకో సైన్సో లెక్కలో ఉంటే సరిపోతుంది. ఫిజిక్స్ లేకపోతే రానివ్వం అన్న మెడికల్ స్కూలు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఇంజనీరింగుకి లెక్కలు తప్పనిసరి, ఫిజిక్స్ చాలా చోట్ల తప్పనిసరి. అక్కడ బయాలజీని ఎవడూ అడగడు. మన కుల వృత్తి కంప్యూటర్ సైన్సుకైతే చాలా చోట్ల గట్టిగా అడిగేది లెక్కలొక్కటే. అంటే ఏ తలుపు తీసుకున్నా మూడుతో తెరుచుకునేదే. నాలుగోది కావాల్సింది రెండు తలుపుల ముందూ ఒకేసారి నిలబడటానికి మాత్రమే.

పోనీ, ఎంతకాలం అలా నిలబడతారు? యూనివర్సిటీలకి దరఖాస్తు యూకాస్ ద్వారా వెళ్తుంది. ఒకే ఫారం, అయిదు ఎంపికలు, అందులో మెడిసిన్‌కి నాలుగే. అయిదింటికీ కలిపి పిల్ల తన గురించి రాసుకునేది ఒక్కటే. "చిన్నప్పట్నుంచీ డాక్టరునవ్వాలని నా కల" అని రాసిందే ఇంజనీరింగు ప్రొఫెసరు టేబుల్ మీదకీ వెళ్తుంది. మెడిసిన్‌కైతే గడువు అక్టోబర్ 15. దానికి ముందు ఎండాకాలంలోనే యూక్యాట్ అనే పరీక్ష రాసేసి ఉండాలి. కాబట్టి సిక్స్త్ ఫామ్ మొదటి ఏడాది ముగిసేసరికల్లా ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. ఒక్క ఏడాది వాయిదా వేసుకోవడానికి రెండేళ్ళ చాకిరీ! ఆఫీసులో ఎవడైనా ఇలాంటి డిజైన్ తెస్తే రివ్యూలోనే చింపి పోగులు పెడతాం. ఇంట్లో మాత్రం మనమే సైన్ ఆఫ్ ఇస్తాం.

"లేదన్నా, మా కజిన్ వాళ్ళబ్బాయి నాలుగు తీసుకుని, తర్వాత ఒకటి వదిలేశాడు, ఏం కాలేదు" అంటాడు ఇంకొకాయన. ఎప్పుడు? అని అడగండి. 2009 అంటాడు. మన సలహాల్లో సగం ఇలా ఎక్స్‌పైరీ డేట్ అయిపోయినవే. 2000లో ఇంగ్లండులో పద్ధతి మార్చారు. మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు ఏఎస్ స్థాయిలో చదివి, పరీక్ష రాసి, మార్కులు చేతిలో పెట్టుకుని, రెండో ఏడాది మూడుతో కొనసాగేవాళ్ళు. వదిలేసిన దానికీ ఒక సర్టిఫికెట్టు ఉండేది. అప్పుడు నాలుగుతో మొదలెట్టడమే మామూలు. కానీ 2015 సెప్టెంబర్ నుంచి ఒక్కో సబ్జెక్టుకీ ఆ ముడి తెంపేశారు. ఇప్పుడు ఏ-లెవెల్ పరీక్షలన్నీ రెండేళ్ళ చివర మే, జూన్ నెలల్లోనే. ఏఎస్ రాసినా ఆ మార్కులు ఏ-లెవెల్లో కలవవు, చాలా బడులు అసలు రాయించడమే మానేశాయి. మధ్యలో వదిలేస్తే చేతికొచ్చేది నోట్సు పుస్తకాలే. (వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కథ వేరు, స్కాట్లండుది పూర్తిగా వేరే పరీక్ష. నేను ఇంగ్లండు గురించే మాట్లాడుతున్నాను.)

ఇక బరువు సంగతి. ఒక్కో ఏ-లెవెల్‌కి రెండేళ్ళ మీద సుమారు 360 గంటల బోధన అని లెక్క. ఇంట్లో చదివేది దీనికి అదనం. ఏక్యూఏ బోర్డులో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగింటికీ తలా మూడు పేపర్లు, పేపరు రెండు గంటలు. మూడు సబ్జెక్టులైతే 9 పేపర్లు, 18 గంటలు. నాలుగైతే 12 పేపర్లు, 24 గంటలు. అవీ కొన్ని వారాల్లో. "మేం ఇంటర్‌లో అంతకంటే ఎక్కువ రాయలేదా" అనకండి. మన ఇంటర్ ప్రశ్నలు ఎలా ఉండేవో మర్చిపోయారా? పాత పేపర్లు అయిదేళ్ళవి తిరగేస్తే దీర్ఘ సమాధాన ప్రశ్నలు కళ్ళముందు ఆడేవి. తెలుగు గడగడా చదివే పిల్లాడు కూడా మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, రెండో ఏడాది చివరికి కూడా ఒక్క వాక్యం సొంతంగా చెప్పలేకపోయేవాడు. వెయ్యికి 970 వచ్చాయంటే అందులో ఆ సంస్కృతం పుణ్యం ఎంతో మనకి తెలీదా? అన్నీ కలిపితే వచ్చే మొత్తం మీద బతికిన బుర్రలు మనవి. అందుకే నాలుగోది కలిపితే మొత్తం పెరుగుతుందని అనిపిస్తుంది.

ఇక్కడ మొత్తం లేదు మహానుభావా! ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి సహా గట్టి యూనివర్సిటీలన్నీ ఆఫర్ మూడు గ్రేడుల్లోనే చెప్తాయి. ఏ-స్టార్, ఏ, ఏ అన్నారనుకోండి, మూడు ఏలు, ఒక బీ తెచ్చినవాడికి ఏ-స్టార్ లేనట్టే. నాలుగోది దానికి సాయం రాదు. పాయింట్లు కూడి చూసే చోట్లు కూడా ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఏ-స్టార్‌కి 56, ఏకి 48, బీకి 40 ఇలా. కానీ అలాంటి చోట అడిగేది 112, 120. మూడు బీలు తెస్తే 120. దానికోసం నాలుగోది మోయాలా?

అసలు దెబ్బ తగిలేది చివరి పరీక్షల్లో కూడా కాదు, అంతకు ఏడాది ముందు. యూకాస్ ఫారం వెళ్ళేటప్పటికి ఏ-లెవెల్ మార్కులుండవు. టీచర్లు వేసే అంచనా గ్రేడులే ఉంటాయి. ఆ అంచనా చాలా బడుల్లో మొదటి ఏడాది చివర, జూన్ పరీక్షలు చూసి వేస్తారు. నాకు బాగా కావాల్సిన ఒక కుటుంబంలో అబ్బాయి, జీసీఎస్ఈలో అన్నీ 8, 9లే, పైన చెప్పిన నాలుగూ తీసుకున్నాడు. లెక్కలంటే ప్రాణం వాడికి. మిగతా మూడింటి ప్రాక్టికల్ రికార్డుల మధ్య ఆ లెక్కలకే టైము చాల్లేదు. జూన్‌లో అంచనా వచ్చింది: ఒక ఏ, మూడు బీలు. వాడు అడగాలనుకున్న కోర్సుకి దరఖాస్తు పెట్టడమే దండగ. ఆ తర్వాత బయాలజీ వదిలేశాడు, చివరి పరీక్షల్లో లెక్కల్లో ఏ-స్టార్, మిగతా రెండిట్లో ఏ తెచ్చాడు. తెచ్చేనాటికి ఆఫర్ లేదు. ఒక ఏడాది ఇంట్లో కూర్చుని, చేతిలో మార్కులతో మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ బడిదే తప్పంటాడు.

బడిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. "మూడు చాలు" అని వాళ్ళు చెప్పడంలో వాళ్ళ లెక్క కూడా ఉంది. ప్రభుత్వం ఈ వయసు పిల్లలకి డబ్బిచ్చేది ప్రధానంగా తలకింత అని, సబ్జెక్టుకింత అని కాదు. తలకి 4,000 పౌండ్లన్న రేటుని 2013 నుంచి 2020 దాకా పెంచకుండా అలాగే ఉంచారు. నాలుగో సబ్జెక్టు నేర్పించడం వాళ్ళకి చేతి చమురే. అయినా, ఎదుటివాడికి లాభం ఉంది కాబట్టి వాడు చెప్పింది అబద్ధం అయిపోదు కదా.

ఫర్దర్ మ్యాథ్స్ ఒక్కటి వేరు. కేంబ్రిడ్జిలోనో ఇంపీరియల్‌లోనో లెక్కలు చదవాలంటే అది ఉండాల్సిందే. లెక్కల్ని ప్రేమించే పిల్లలు నాలుగోదిగా దాన్ని తీసుకుంటే నేను అడ్డం రాను, అది ఉన్న గోతినే ఇంకా లోతుకి తవ్వడం. ఆక్స్‌ఫర్డ్‌కెళ్ళిన ఫలానా వాళ్ళబ్బాయి నాలుగు చేశాడని మీరు విన్న కథల్లో ఆ నాలుగోది ఏంటో కనుక్కోండి, చాలాసార్లు ఇదే అవుతుంది. అదీ వాడు మోయగలిగినవాడు కాబట్టి మోశాడు, మోయడం వల్ల సీటు రాలేదు. కప్పలు అరిచినందుకు వాన పడదు. మెడిసిన్‌కి ఎగబడేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, చాలా మెడికల్ స్కూళ్ళు లెక్కల్నీ ఫర్దర్ మ్యాథ్స్‌నీ కలిపి ఒకటిగానే చూస్తాయి.

నాకు నిజంగా గౌరవం ఉన్న వాదన ఒక్కటే. పదహారేళ్ళకే మూడుకి కుదించడం మరీ ఇరుకు అని. నిజమే, ఈ దేశంలోనే దీని మీద ఎడతెగని గోల ఉంది. 2023 అక్టోబర్‌లో రిషి సునాక్ అందరికీ అయిదు సబ్జెక్టులుండేలా కొత్త అర్హత తెస్తానన్నాడు, 2024 జులైలో వచ్చిన లేబర్ ప్రభుత్వం దాన్ని చెత్తబుట్టలో వేసింది. ఐబీ చదివే పిల్లలు ఆరు చదువుతారు. సరే, విశాలత మంచిదే. కానీ మీ నాలుగోది ఏంటి సార్? ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల పక్కన బయాలజీ! అదేం విశాలత? ఒకే వీధిలో నాలుగో ఇల్లు. నాలుగోదిగా సాహిత్యమో చరిత్రో తీసుకుంటున్నాం అని చెప్పిన తెలుగు తండ్రి ఒక్కడు కనపడితే నేను దణ్ణం పెడతాను.

ఆ మాటకొస్తే విశాలతకి నాలుగోది అక్కర్లేదు. మూడోది వేరే వీధిలోంచి తెచ్చుకోవచ్చు. మా అమ్మాయి లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు సాహిత్యం అంది. చాలా ఇంజనీరింగు కోర్సులకి మొదటి రెండూ సరిపోతాయి, మూడోది దాని ఇష్టం. మా ఇంటికొచ్చిన ఒకాయన "లిటరేచరా? ఉద్యోగం?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఐటీలో చేసి ఇప్పటికీ ఒక రెండు పేజీల డిజైన్ నోట్ తిన్నగా రాయలేని మనిషి అన్నాడా మాట, నేను కాఫీ ఇచ్చి ఊరుకున్నాను.

మిగిలిన టైములో ఏదైనా చేయించాలని చేతులు దురద పెడుతుంటే ఈపీక్యూ ఉంది. పిల్లలే ఒక అంశం ఎంచుకుని నెలల తరబడి పని చేసి వ్యాసమో, వస్తువో తయారు చేసే ప్రాజెక్టు. పాయింట్లలో ఏ-లెవెల్‌లో సగం, ఏ-స్టార్‌కి 28. అది బాగా చేస్తే కొన్ని యూనివర్సిటీలు ఆఫర్‌లో ఒక గ్రేడు తగ్గిస్తాయి కూడా. నాలుగో ఏ-లెవెల్‌కి ఎవరూ అలా తగ్గించగా నేను చూడలేదు.

ఇంత చెప్పినా నాలుగుతోనే మొదలెడతాం అంటే మొదలెట్టండి, సెప్టెంబర్‌లో చాలా బడులు ఒప్పుకుంటాయి. కానీ అక్టోబర్ చివర వారం రోజుల సెలవులొస్తాయి. ఆ వారంలో పిల్లని కూర్చోబెట్టి, ఏది వదలాలనుందో అడగండి, మీరు పేరు చెప్పకుండా. ఆ పేరు బడికి అప్పుడే చెప్పేయండి. జూన్ పరీక్షల దాకా చూద్దాం అంటే, ఆ జూన్ మార్కులే యూకాస్ ఫారం మీదకి వెళ్తాయి.