వేళ్లకు తోడు... పాదం!

వేసవి సెలవుల్లో సంగీతం క్లాసులో చేర్పిస్తాం. పుట్టినరోజుకో, దసరాకో కీబోర్డు ఇంటికొస్తుంది. అంతా సజావుగా సాగుతుండగా ఓ సాయంత్రం పాప క్లాసు నుంచి వచ్చి, 'నాన్నా, సార్ సస్టెయిన్ పెడల్ కొనమన్నారు' అంటుంది. నాన్న అమ్మవైపు చూస్తాడు. పెడల్ ఉండటానికి ఇదేమన్నా సైకిలా, కుట్టుమిషనా? వేలు పోసి కొన్న కీబోర్డుకు మళ్లీ ఇదో ఖర్చా?

అనుమానం సహజమే. ఆ వస్తువు చేసే పనేమిటో తెలిస్తే కొనాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

గుడిలో గంట కొట్టి వదిలేయండి. కాసేపు ఖంగుమంటూనే ఉంటుంది. కొట్టిన వెంటనే చేత్తో పట్టుకుంటే ఠక్కున ఆగిపోతుంది. పియానోలో జరిగేదీ ఇదే. తీగల మీద మెత్తటి దిమ్మలు ఆని ఉంటాయి. కీ నొక్కితే దాని దిమ్మ లేస్తుంది, వేలు తీస్తే మళ్లీ తీగ మీద వాలి శబ్దాన్ని ఆపేస్తుంది. కుడివైపు పెడల్ తొక్కితే దిమ్మలన్నీ ఒక్కసారే లేస్తాయి. ఇక వేళ్లు తీసేసినా స్వరాలు మోగుతూనే ఉంటాయి. మొదట్లో ఈ పని కాలిది కాదు. 18వ శతాబ్దపు పియానోల్లో కొన్నింటికి చేత్తో లాగే పిడులు, మోకాలితో పైకెత్తే మీటలు ఉండేవి. తర్వాతే పాదానికి పని పడింది.

కీబోర్డులో తీగలూ లేవు, దిమ్మలూ లేవు. అక్కడ పెడల్ అంటే ఒక స్విచ్చు, అంతే. తొక్కితే 'ఆపకు' అని, వదిలితే 'ఆపెయ్' అని లోపలి సర్క్యూట్‌కు కబురు పంపుతుంది.

ముందు వెనక చూడండి

దుకాణానికి బయల్దేరే ముందు కీబోర్డును తిప్పి వెనకవైపు చూడండి. 'సస్టెయిన్' అనో, 'పెడల్' అనో, 'డాంపర్' అనో రాసిన రంధ్రం ఉండాలి. ఎక్కువ కీబోర్డుల్లో ఇది 6.3 మిల్లీమీటర్ల లావు పిన్ను పట్టేదై ఉంటుంది. పక్కనే హెడ్‌ఫోన్ల రంధ్రం ఉంటుంది కాబట్టి పొరబడొద్దు. చిన్నపిల్లల కోసం చేసిన కొన్ని చవక కీబోర్డులకు అసలీ రంధ్రమే ఉండదు. అలాంటప్పుడు ఎంత మంచి పెడల్ కొన్నా అటక మీదికే.

'మా కీబోర్డు మీద సస్టెయిన్ బటన్ ఉందిగా' అనొచ్చు. ఆ బటన్ నొక్కితే ప్రతి స్వరానికీ ఒకేలా తోక తగులుతుంది. ఎక్కడ సాగాలో, ఎక్కడ ఆగాలో ఎంచుకునే వీలు ఉండదు. ఆ వీలు కోసమే పెడల్.

మూడు రకాలు

మొదటిది అరచేతిలో పట్టే చదునైన ప్లాస్టిక్ బిళ్ల. యమహా ఎఫ్‌సీ5, క్యాసియో ఎస్‌పీ3 ఈ కోవలోవి. చవక, తేలిక. తొలి మెట్టులో ఉన్నవాళ్లకు చాలు.

రెండోది అచ్చం పియానో పెడల్‌లా లోహపు నాలుకతో ఉండేది. యమహా ఎఫ్‌సీ4ఏ, క్యాసియో ఎస్‌పీ20 వంటివి. కాస్త బరువు, ధరా ఎక్కువే. కానీ పాదానికి అసలు పియానో అలవాటవుతుంది. ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల పరీక్షల్లో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరు. మీ పాప దేనికి తయారవుతోందో మాస్టారిని అడగండి. పియానోకైతే ఈ రకమే మేలు. ఇంట్లో బిళ్ల మీద సాధన చేసిన పాదం, పరీక్ష గదిలో పియానో పెడల్ మీద తడబడితే అన్నాళ్ల కష్టానికీ దెబ్బే.

మూడోది 'హాఫ్ పెడల్'. మొదటి రెండూ ట్యూబ్‌లైటు స్విచ్చులైతే ఇది ఫ్యాను రెగ్యులేటరు. సగం తొక్కితే సగమే సాగుతుంది. యమహా ఎఫ్‌సీ3ఏ, రోలాండ్ డీపీ10 ఇలాంటివే. దీన్ని అర్థం చేసుకునే శక్తి కీబోర్డుకు ఉండాలి. అది ఎక్కువగా డిజిటల్ పియానోల్లోనే ఉంటుంది. మామూలు కీబోర్డుకు తగిలిస్తే సరిగా పనిచేయకపోవచ్చు. కొనేముందు కీబోర్డుతో వచ్చిన పుస్తకంలో ఏ పెడల్ పేరు రాశారో చూడండి. అన్నిటికన్నా నమ్మకమైన సలహా అదే.

తిరగబడిందా?

కొత్త పెడల్ తగిలించారు. తొక్కితే స్వరం ఆగుతోంది, వదిలితే సాగుతోంది! పాడైందని కంగారుపడొద్దు. కొన్ని పెడళ్లలో తొక్కినప్పుడు సర్క్యూట్ కలుస్తుంది, కొన్నింట్లో విడిపోతుంది. కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించవు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ రకమో పసిగడతాయి. కాబట్టి కీబోర్డు ఆపి, పెడల్ తగిలించి, దానిమీద కాలు పెట్టకుండా ఆన్ చేయండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. కొన్ని పెడళ్లకు ఈ పద్ధతి మార్చే బుల్లి స్విచ్చు కూడా ఉంటుంది.

దుకాణంలో పెడల్‌ను తిరగేసి అడుగున రబ్బరు ఉందో లేదో చూడండి. మన ఇళ్లలో నున్నటి టైల్సూ గ్రానైటే కదా. పట్టులేని పెడల్ పాట సగంలో ఉండగానే మంచం కిందికి జారుకుంటుంది. దాన్ని వెతుక్కుంటూ పాప కాలు, కాలితోపాటు తాళం తప్పుతాయి. తర్వాత కీబోర్డుకు తగిలించి ఒక కీ నొక్కి, పెడల్ తొక్కి, వేలు తీయండి. స్వరం సాగాలి. పెడల్ వదలగానే ఆగాలి. నెమ్మదిగా పదిసార్లు తొక్కి చూడండి. టక్కుటక్కుమంటే ఇంకోటి అడగండి. కుర్చీలో కూర్చున్న పిల్లల మడమ నేలకు ఆనకపోతే మాత్రం కదలని పీట ఒకటి వేయాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి.

వదలడమే విద్య

కొన్నాక అసలు కథ మొదలవుతుంది. పిల్లలు సరదాకొద్దీ తొక్కిపట్టి వదలరు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలుపెడతారు. అందులో స, రి పక్కపక్క కీలు. పెడల్ తొక్కి వాయిస్తే రెండూ కలిసి మోగి చెవిని గీరుతాయి. ఆ పాఠాలకు పెడల్ అవసరమే లేదు. వేణువు, ఆర్గాన్ వంటి శబ్దాలకూ వాడకపోవడమే మంచిది. పియానో స్వరం తనంతట తాను సన్నగిల్లుతుంది. అవి అలా తగ్గవు, తొక్కినంతసేపూ మోగుతూనే ఉంటాయి. పైగా కీబోర్డు ఒకేసారి ఇన్ని స్వరాలే పలకగలదనే లెక్కొకటి ఉంది. కొన్నింట్లో అది 32 మాత్రమే. మరీ తొక్కిపడితే ముందు వాయించినవి మధ్యలోనే మాయమవుతాయి.

కిటుకు ఒక్కటే. కొత్త కార్డు వాయించే క్షణంలో పెడల్ వదలాలి, ఆ వెంటనే మళ్లీ తొక్కాలి. పాతది ఆగుతుంది, కొత్తది సాగుతుంది, మధ్యలో ఖాళీ వినపడదు. మడమ నేల మీదే ఉండాలి, ముందరి పాదమే ఆడాలి. మొదట చాలా నెమ్మదిగా, రెండే రెండు కార్డులతో సాధన చేయించండి.

పెడల్ వచ్చిన మొదటి వారం ఇల్లంతా గుడిగంటలే. కాస్త ఓర్చుకోండి. పాదం వదలడం నేర్చుకున్న రోజున వంటింట్లో ఉన్న మీకే తేడా తెలుస్తుంది.