రెండు జబ్బులు.. ఒకే చీటీ

పిత్తాశయంలో రాళ్లున్నాయని ఒక డాక్టరు చెబుతారు. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిందని ఇంకో డాక్టరు చెబుతారు. ఇద్దరి దగ్గరా రెండు ఫైళ్లు, రెండు మందుల చీటీలు. మనిషి మాత్రం ఒక్కడే.. డెబ్భై దాటిన పెద్దాయన. ఆ రెంటినీ కలిపి చూసేవారు చాలా ఇళ్లలో ఉండరు. చిక్కంతా అక్కడే వస్తుంది.

పరకాల చుట్టుపక్కల పల్లెలనే తీసుకోండి. పిల్లలు హైదరాబాద్‌లోనో, సూరత్‌లోనో ఉంటారు. ఇంటి దగ్గర ముసలి దంపతులే. పరకాలలో ప్రభుత్వాసుపత్రి ఉన్నా పెద్ద ఆపరేషన్ అనేసరికి 30 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి వరంగల్ ఎంజీఎంకో, హనుమకొండలోని ప్రైవేటు ఆస్పత్రులకో వెళ్లాలి. మాటిమాటికీ వెళ్లడం కుదిరే పని కాదు. కాబట్టి ఇంట్లో చేసే సేవే సగం వైద్యం.

ఉలవలతో కరగవు

రాళ్లనగానే ఉలవ కషాయం, అరటి దూట రసం మొదలుపెడతారు. ఇవన్నీ కిడ్నీ రాళ్లకు చెప్పుకునే చిట్కాలు. పిత్తాశయం ఉండేది కాలేయం కింద. అందులోని రాయికీ మూత్రం దారికీ సంబంధమే లేదు. అలాగని రాళ్లు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. చాలామందిలో అవి ఏ బాధా పెట్టకుండా ఉండిపోతాయి. నొప్పి లేకపోతే సాధారణంగా ఆపరేషన్ కూడా అవసరం పడదు. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం తగ్గించి, వేళకు కొంచెం కొంచెంగా పెడితే చాలు. ఉపవాసాలు మంచివి కావు.

నొప్పి మాత్రతోనే ముప్పు

కడుపునొప్పి అంటే వెంటనే మందుల షాపుకు పరుగెత్తకండి. ముందు నొప్పి ఎక్కడో పెద్దాయనను వేలితో చూపించమనండి. కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపుకో, కుడి భుజానికో పాకితే పిత్తాశయం కావచ్చు. బొడ్డు కింద ఉబ్బి, బిగుసుకుపోయి ఉంటే మూత్రం నిలిచిపోయి ఉండొచ్చు.

ఈ తేడా ఎందుకంటే, కడుపునొప్పికి షాపులో చేతికిచ్చే డైసైక్లోమిన్ లాంటి మాత్రలు మూత్రాశయాన్ని కూడా సడలిస్తాయి. ప్రొస్టేట్ పెరిగిన మనిషికి అసలే మూత్రం కష్టంగా వస్తుంది. ఆ మాత్రతో పూర్తిగా ఆగిపోవచ్చు. జలుబు మాత్రలతోనూ ఇదే ప్రమాదం. రాళ్ల నొప్పికని వేసిన మాత్ర అర్ధరాత్రి మూత్రం బంద్ చేసిందంటే తప్పు ఎవరిదని వెతుక్కోవాలి?

చుక్కలు చుక్కలుగా కారుతోంది కదా, వస్తూనే ఉందిలే అనుకోవద్దు. నిండిన కుండ కూడా అలాగే పొర్లుతుంది.

చెప్పుకోలేని మాట

ఒంటేలు సంగతి కోడలితో ఎలా చెప్పేదని పెద్దాయన మొహమాటపడతాడు. రాత్రి నాలుగుసార్లు లేవలేక సాయంత్రం నుంచే కాదు, పొద్దంతా నీళ్లు మానేస్తాడు. దాంతో మలబద్ధకం, దానితో మూత్రం మరింత ఇబ్బంది. నీళ్లు మాన్పించకూడదు. పగలు బాగా తాగించి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే సరిపోతుంది. డాక్టరు నీళ్లకు ఏదైనా పరిమితి పెట్టి ఉంటే దాన్ని పాటించాలి.

ప్రొస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటి మాత్రతో కొందరికి లేవగానే కళ్లు తిరుగుతాయి. మరుగుదొడ్డి ఇంటి వెనక ఉంటే ఆ చీకట్లోనే పడిపోతారు. మంచం పక్కన మూత్రం డబ్బా, ఒక చిన్న లైటు పెట్టండి. మంచం మీద నిమిషంసేపు కూర్చున్నాకే లేవమనండి. కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తే ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఇది కంటిపాప మీద ప్రభావం చూపుతుంది.

ఆపరేషన్ అయితే..

పిత్తాశయం తీసేయాల్సి వస్తే, మూత్రం ఇబ్బంది ఉందన్న సంగతి ముందే సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ చెప్పండి. మత్తు వల్లా, నొప్పి మందుల వల్లా ఆపరేషన్ తర్వాత మూత్రం నిలిచిపోవడం ఇలాంటి వారిలో ఎక్కువ. ఆరు గంటలైనా రాకపోతే నర్సుకు చెప్పాలి. డాక్టరు ఒప్పుకోగానే లేపి నడిపించాలి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో చేరే ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

పైపు వేసి ఇంటికి పంపితే, సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి. బస్సులో పై కొక్కేనికి తగిలించవద్దు, ఒళ్లో పెట్టుకోవద్దు. పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. సంచి నేలకు తగలకూడదు. సగం దాటగానే ఖాళీ చేయాలి. ముట్టుకునే ముందూ, తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైపు చుట్టూ రోజూ సబ్బు నీళ్లతో శుభ్రం చేస్తే చాలు.

ఆగకూడని వేళ

చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయాలి. పెద్ద వయసులో ఒక్కోసారి నొప్పి ఉండదు, జ్వరమూ తెలియదు. అన్నం వద్దంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ముసలితనం అని కొట్టిపారేయకండి. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతూ ఉండొచ్చు.

చివరగా ఒక్క పని. ఓ తెల్లకాగితం మీద రెండు జబ్బుల పేర్లు, వాడే మందులన్నీ, పడని మందులు, గతంలో అయిన ఆపరేషన్లు రాయండి. బీపీ, షుగర్ మాత్రలనూ మరవొద్దు. ఎవరు తీసుకెళ్లినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించాలి. మందుల షాపులో మాత్ర కొనేటప్పుడు కూడా. ఇద్దరు డాక్టర్లు ఒకరినొకరు చూసుకోకపోయినా, ఆ చీటీ ఇద్దరినీ కలుపుతుంది.