కన్ను ముందా, టేపు ముందా?

తాపీపని నేర్చుకునే కుర్రాడికి ముందు ఏం నేర్పాలి? మేస్త్రి చూపా, టేపు కొలతా? పొన్నూరు లాంటి ఊళ్లో దీనికి తేలిగ్గా జవాబు చెప్పలేం.

ఇక్కడి నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. మూలమట్టం ఎంత సరిగా పట్టినా, పునాది ఆ కదిలే పొర దాటి దిగకపోతే గోడ బీటలు వారుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే పైలు పద్ధతిని రూపొందించింది. అయితే గుంట తీస్తుండగా మట్టి చేత్తో నలిపి చూసి, ఇంకా దిగాలని చెప్పేది అనుభవమున్న మేస్త్రే.

కూలి సంగతీ చూడాలి. చదరపు అడుగుల లెక్కన పని ఒప్పుకున్నవాడు వరసవరసకూ మట్టం చూస్తూ కూర్చుంటే గిట్టదు. అతన్ని తప్పుపట్టలేం.

ఇంత తెలిసీ నేను కొలత వైపే మొగ్గుతాను. కంటికి ఆనని తేడా పోగుపడుతుంది. వరసకు అంగుళంలో ఎనిమిదో వంతు తప్పితే 24 వరసలకు 3 అంగుళాలు. తూకం తప్పిన గోడను ప్లాస్టరింగు మందం పెంచి సరిచేస్తారు. ఆ సిమెంటు ఖర్చు ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది.

పైగా మన సైట్లలో స్టీలు మిల్లీమీటర్లలో, గోడ అంగుళాల్లో, స్థలం సెంట్లలో నడుస్తాయి. మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చినా తొమ్మిదంగుళాల గోడ పేరు మారలేదు. కాబట్టి టేపు రెండు అంచులూ చదవడం రావాలి. టేపు కొనన ఉండే కొక్కెం కాస్త కదులుతుంటే పాడైందనుకుని సుత్తితో బిగించేవాళ్లున్నారు. ఆ కదలిక కొక్కెం మందమంత, కావాలని పెట్టిందే. అంచుకు తగిలించి లాగినా, గోడకు నొక్కిపెట్టినా కొలత ఒకటే రావాలి కదా! రసమట్టాన్నీ నమ్మే ముందు అదే చోట కొనలు మార్చి పెట్టి చూడాలి. బుడగ రెండుసార్లూ ఒకే చోట నిలవకపోతే తప్పు మట్టానిదే. లెవెల్ పైపులో గాలి చిక్కుకున్నా అంతే, లెక్క తప్పుతుంది. లేజరు చేతికొచ్చినా ఈ అనుమానం పోకూడదు.

అందుకే 3, 4, 5 అడుగుల లెక్కతో మూల తీయడం, దారం, గుండు, లెవెల్ పైపు ముందు నేర్పాలి. లేజరు తర్వాత. 1998లో హైదరాబాద్‌లో మొదలైన న్యాక్ లాంటి నిర్మాణ శిక్షణ సంస్థలో నేర్చుకున్న కుర్రాడైనా కొన్నాళ్లు మేస్త్రి పక్కన పునాదులు తీయాల్సిందే.

మరి కొలిచే సమయానికి కూలి ఎవరివ్వాలి? ఇంటివాళ్లే. ముగ్గు పోసే రోజూ, లింటెల్ పోసే ముందు రోజూ మేస్త్రికి రోజుకూలి ఇచ్చి, ప్రతి గదికీ రెండు కర్ణాలూ తమ ఎదుటే కొలిపించుకోవాలి. మిగతా పని చదరపు అడుగు లెక్కకే వదిలేయొచ్చు.