కారు మెరుపుకిచ్చే విలువ ఊపిరికేదీ?

ఆటోనగర్లలోనూ, కాలనీల చివర రేకుల షెడ్లలోనూ కారుకు ఆఖరి క్లియర్ కోటు కొట్టబోయే ముందు ఒక తంతు జరుగుతుంది. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లుతారు. షట్టరు దించుతారు. ఫ్యాను ఆపేస్తారు. తడి పెయింటు మీద ఒక్క నలుసు పడినా ఫినిషింగ్ పాడవుతుంది, మళ్లీ రుద్ది మళ్లీ కొట్టాలి. గాలి ఆడే దారులన్నీ మూశాక పెయింటర్ ముక్కుకు చేతిరుమాలు బిగించి స్ప్రే గన్ను అందుకుంటాడు. బండి మీద నలుసు పడకూడదని తీసుకునే ఈ జాగ్రత్త వల్లే అతని ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయి. బయటికి పోవాల్సిన తుంపరంతా షెడ్డులోనే తిరుగుతుంటే, పని అయ్యేదాకా అతను దాన్నే పీలుస్తాడు.

ఈ పెయింటు రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రంగో క్లియరో, రెండోదాంట్లో హార్డ్‌నర్. పెయింటును గట్టిపరిచి గాజులా మెరిపించేది హార్డ్‌నరే. అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. ఇవి ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు పీల్చినా ఆయాసం ముంచుకొస్తుంది. అలాంటి మనిషి మళ్లీ ఆ తుంపర దరిదాపులకు వెళ్లలేడు. చేతిలో ఉన్న పనితనమంతా వదులుకుని వేరే బతుకుతెరువు వెతుక్కోవాల్సిందే. బ్రిటన్‌లో కార్మికుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ లెక్క ప్రకారం, అక్కడ వాహనాలకు స్ప్రే పెయింటింగ్ చేసేవారికి ఉబ్బసం వచ్చే ముప్పు మిగతా కార్మికుల కంటే 80 రెట్లు ఎక్కువ. పెయింటర్ వృత్తి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే తేల్చింది.

షెడ్లలో అందరూ భయపడేది థిన్నర్ వాసనకు. వాసన తగ్గితే గండం గడిచిందనుకుంటారు. ఐసోసయనేట్ల విషయంలో ముక్కును నమ్ముకోవడానికి లేదు. వాటి వాసన తెలిసేసరికే గాలిలో మోతాదు హద్దు దాటిపోయి ఉంటుంది. బొగ్గు ఫిల్టరున్న మాస్కు పనిచేయడం మానేసినా పెట్టుకున్నవాడికి తెలియదు. అందుకే ఈ పనికి వేరే గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కే వాడాలని బ్రిటన్‌లో నొక్కి చెబుతారు. కోటు ఎలా వచ్చిందో చూడటానికి మధ్యలో ఆ మాస్కు పైకెత్తడం కూడా ప్రమాదమే. కంటికి కనపడనంత సన్నటి తుంపర ఇంకా అక్కడే తేలుతూ ఉంటుంది. చేతిరుమాలు దాన్ని ఆపలేదు. పీల్చింది కడుక్కుపోతుందన్న నమ్మకంతో పని దిగాక తినే బెల్లంముక్కా అరటిపండూ పోయేది కడుపులోకే గానీ ఊపిరితిత్తుల్లోకి కాదు.

ఈ జబ్బు మాయ ఇంకొకటుంది. దగ్గూ పిల్లికూతలూ చాలాసార్లు పని ముగిశాక, ఏ అర్ధరాత్రో మొదలవుతాయి. దాంతో నెపం చలి మీదికో సిగరెట్టు మీదికో పోతుంది. సంక్రాంతికి ఊరెళ్తే సర్దుకుని, షెడ్డులో అడుగుపెట్టగానే మళ్లీ తిరగబెడితే అనుమానించాల్సింది పనినే. వచ్చిన రోగిని ఏం పని చేస్తావని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే వైద్యులకు చెప్పాడు. మన ఓపీల్లో ఆ ఒక్క ప్రశ్న వినపడటం అరుదు.

ముప్పు కార్ల పెయింటుతోనే ఆగదు. స్పెయిన్‌లోని అల్కోయ్ ప్రాంతంలో బట్టలపై గన్నుతో రంగు అద్దే చిన్న వర్క్‌షాపుల్లో 1992లో కార్మికులు వరసగా ఊపిరితిత్తుల జబ్బున పడ్డారు. ఆరుగురు చనిపోయారు. వాడిన రంగుకు పెద్దగా విషమన్న పేరు లేదు. తుంపరగా మారి ఊపిరితిత్తుల లోతుకు చేరేసరికి ప్రాణాలు తీసింది. అక్కడి ఒక వర్క్‌షాపు పేరుతోనే వైద్యులు దాన్ని ఆర్డిస్టిల్ సిండ్రోమ్ అంటారు. 2006లో జర్మనీలో గాజుకూ పింగాణీకీ పూత వేసే మ్యాజిక్ నానో అనే ఏరోసాల్ స్ప్రే వాడినవాళ్లు దాదాపు వందమంది ఊపిరాడక ఇబ్బందిపడ్డారు. చేత్తో నొక్కే పంపు సీసాల్లో అమ్మినదాని మీద అలాంటి ఫిర్యాదులు లేవు. డబ్బాలో ఏముందన్నదే కాదు, అది ఎంత సన్నగా చీలి గాలిలో కలుస్తుందన్నదీ చూడాలని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి. ఫర్నిచర్‌కు పీయూ పాలిష్ కొట్టేవాళ్లకూ, మూసిన గదుల్లో వాటర్‌ప్రూఫింగ్ స్ప్రే వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇవేవీ మన చట్టాలకు తెలియనివి కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని మూడో షెడ్యూలు ఐసోసయనేట్ విషప్రభావాన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది. కానీ ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డు ఫ్యాక్టరీ కిందికి రాదు. కరెంటుతో నడిచేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత హద్దును కొత్త వృత్తి భద్రత కోడ్ 20కి పెంచింది. పదిమంది లేనిచోట ఈఎస్ఐ కూడా మామూలుగా అందదు. అంటే గాలి ఎక్కడ బొత్తిగా ఆడదో, చట్టమూ అక్కడికే రావడం లేదు. అయితే ప్రమాదకరమైన పని జరిగేచోట ఒక్క కార్మికుడున్నా వర్తింపజేసే వీలు ఆ కోడ్‌లోనే ఉంది. ఐసోసయనేట్ పెయింటు స్ప్రే చేసే ప్రతి షెడ్డునూ ప్రభుత్వం వెంటనే దాని కిందికి తేవాలి.

ఐరోపా యూనియన్‌లో 2023 ఆగస్టు నుంచి, ఈ రసాయనాలు 0.1 శాతానికి మించిన సరుకును శిక్షణ పొందకుండా వృత్తిలో వాడకూడదు. మన దగ్గర హార్డ్‌నర్ డబ్బా కొట్లో అడిగితే చేతిలో పెడతారు. హెచ్చరిక ఉన్నా, సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. కొత్త షేడ్ రాగానే పెయింటర్లను పిలిచి డెమోలు ఇచ్చే కంపెనీలకు, ఆ డెమోలోనే గాలి గొట్టం మాస్కు వాడకం నేర్పడం పెద్ద పని కాదు. హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ముద్రించడం అంతకన్నా కాదు. ఒక్కో షెడ్డుకు సొంతంగా స్ప్రే బూత్ పెట్టే తాహతు ఉండదు. ఆటోనగర్‌లో పదిమంది కలిసి అద్దెకు వాడుకునేలా ఉమ్మడి బూతులు కట్టించడం ప్రభుత్వాల చేతిలోని పని.

బండి ఇచ్చే మన వంతూ ఉంది. ఎప్పుడిస్తారు, ఎంతవుతుంది అని అడిగినట్టే, ఎక్కడ కొడతారు, మాస్కు ఏది అని కూడా అడగాలి. దాని ఖర్చు బిల్లులో చేరితే గీచి గీచి బేరమాడకుండా కట్టాలి. పెయింటరు ఊపిరిని తగ్గింపు ధరకు కొనే హక్కు మనకెవరికీ లేదు.