శ్రమ యెవరిది? దాన మెవరిది?

పట్టణములలోని మన సేవాసంఘములకు ఇటీవల పల్లెలమీద ప్రేమ హెచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. చదువుకొన్నవారు సెలవుదినమును పేకాటలో గడపుటకంటె ఒక చెఱువు కట్టమీద గడపుట మేలని వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని ఆ కట్టమీద జరుగుచున్న దేమో కన్నులార చూచిన పిమ్మట మేము ఈ వ్యాసము వ్రాయక యుండలేకపోతిమి. ఇందలి మాటలు కొందఱు మిత్రులకు నొప్పి కలిగించును. ఆ మిత్రులతో కూడ పాఱ పట్టినవారము గనుక ఆ నొప్పిలో మాకును పాలు కలదు.

అనంతపురమునకు ఉత్తరమున, హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గముమీద గార్లదిన్నె యున్నది. దిన్నె యనగా మెఱక. నీరు నిలువదన్న మాట పేరులోనే కలదు. జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు రాదు. అయినను ఈ మండలముననే పెనకచెర్ల యొద్ద పెన్నకు అడ్డముగ కట్టిన మధ్య పెన్న జలాశయము కలదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు వచ్చి అందులో చేరును. కాలువ క్రింద భూమి గలవాడు వరిని చూచును. కాలువకు మీద నున్నవాడు ఆ నీటిని చూచును. భూమియే లేనివాడు బెంగుళూరు పోవు బండికొఱకు ఎదురు చూచును. ఇట్టి యూళ్లలో నీటికై యే పని తలపెట్టినను, ఆ నీరు ఎవరి చేనికి పోవు నన్న ప్రశ్న మొదట అడుగవలెను. మన సంఘములవారు దానిని అడుగుట లేదు.

కొన్ని వేసవుల క్రిందట ఈ మండలపు పల్లె యొకదానికి చెఱువు పూడిక తీయుటకై ఒక సంఘమువారు బయలుదేఱిరి. మేమును వెంట నుంటిమి. తెల్లని గుడ్డమీద ఎఱ్ఱని యక్షరములతో 'శ్రమదాన మహోత్సవము' అని వ్రాసి కట్టమీద వ్రేలాడగట్టిరి. మాబోటివారము నలువదిమందిమి. ఊరిపెద్ద ముందునాడే దండోరా వేయించెను గనుక కూలివారు నూఱుగురికి మించి వచ్చిరి. వారిలో ఆడువారే హెచ్చు. మేము గంటసేపు త్రవ్వితిమి. అరచేతులు బొబ్బలెక్కినవి. తొమ్మిదింటికి ఫొటోలు, పదింటికి ఉపన్యాసములు, పదునొకండింటికి చింతచెట్టు నీడను మజ్జిగ. మేము మజ్జిగ త్రాగుచుండగా కూలి స్త్రీలు తట్టలు మోయుచునే యుండిరి. వారిలో ఒక ముదుసలి మా కార్యదర్శి యొద్దకు వచ్చి, "సామీ, ఈ పొద్దు మస్టరు యేసినారా?" అని యడిగెను. మస్టరనగా కూలివారి హాజరుపట్టీ. కార్యదర్శి నవ్వి, "ఇది కూలిపని కాదవ్వా, దానము" అనెను. ఆమె తట్ట దింపి, నెత్తిమీది చుట్టకుదురు విప్పి దులిపి, "దానం జేసేంత కలిగినోళ్లం యెప్పుడైతిమి సామీ?" అనెను. మాలో ఎవరును మాటాడలేదు. ఆమె మరల తట్ట నెత్తుకొని పోయెను.

పొద్దు గ్రుంకునప్పటికి ఒండ్రుమట్టి ట్రాక్టర్లమీద తరలిపోయినది. బీడుపడిన చేనికి ఆ మట్టి ఎరువుతో సమానము. అది ఎవరి చేలకు పోయె నని విచారించితిమి. ట్రాక్టర్లు గలవారి చేలకే. చెఱువున నీరు నిలిచెనేని చుట్టునున్న బోరుబావులలో ఊట పెరుగును. ఆ బోరులును వారివే. తట్ట మోసిన యవ్వకు సెంటు నేల లేదు. ఆ దినపు కూలి మాత్రము పోయినది. ఇప్పుడు లెక్క చూడుడు. దానము చేసినది ఆ పేదరాలు. దానము పట్టినది భూమి గల రైతు. దాత లని పత్రికలో పేరు పడినది మాకు.

ఊరివారెల్లరు కలిసి చెఱువు బాగుచేసికొనుట మన పూర్వుల ఆచారము గదా యని పెద్దలు కొందఱు అందురు. ఆచారమును గుఱించి చెప్పునపుడు పూర్తిగ చెప్పవలెను. పోరుమామిళ్ల చెఱువును కట్టించిన భాస్కర భవదూరుని 1369 నాటి శాసనమున, రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనివారు పని చేసిరనియు, రాళ్లు తెచ్చుటకు నూఱు బండ్లు తిరిగెననియు, వ్యయమైన ధనధాన్యములకు మితి లేదనియు నున్నది. రాయలసీమలో చెఱువు కట్టినవానికిని దానిని కాపాడువానికిని 'దశబంధము' పేర మాన్యము లిచ్చుచుండిరి. పనికి ప్రతిఫలముగ భూమి నిచ్చిన కాల మది. ఉట్టిచేతులతో పని చేయించుకొన్న ఆచారమును మన దేశమున లేకపోలేదు. దాని పేరు వెట్టి. చెఱువుల మరమ్మతునకు పల్లెవారు చేయవలసిన కుడిమరామతు పనిని నిర్బంధముగ చేయించుటకు కంపెనీవారు 1858లో మదరాసు రాజధానికొఱకు ఒక చట్టమునే చేసిరి. మన మహోత్సవములు ఈ రెండు ఆచారములలో దేనికి వారసులో చదువరులే నిర్ణయింతురు గాక.

ధాత కఱవు నాటి సంగతి గూడ ఒకటి జ్ఞాపకము చేసెదము. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కఱవు పనులు చేయువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొలదిపాటి డబ్బును చాలు నని తేల్చెను. ఆ క్రూరమైన కొలతకు చరిత్ర నేటికిని ఆతనిని నిందించుచున్నది. అది యెంత తక్కువదైనను కూలియే. మా మహోత్సవమున ఆ పౌను ధాన్యమును లేదు.

"మేము ఎవరిని బలవంత పెట్టితిమి? ఇష్టము లేనివారు రాక పోవచ్చును గదా" అని మా కార్యదర్శి తరువాత మాతో వాదించెను. ఊరిపెద్ద దండోరా వేయించిన పిమ్మట, ఱేపు ఆతని చేనిలో కూలికి పోవలసిన స్త్రీ రాకుండుట కెంతటి ఇష్టము కావలెనో ఆయన ఎఱుగడు. సుప్రీంకోర్టు ఎఱుగును. రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధింపబడిన నిర్బంధ శ్రమలో పేదఱికపు నిర్బంధమును చేరునని 1982లో ఆ న్యాయస్థానము చెప్పినది. మఱుసటి యేడు రాజస్థానపు కఱవు పనుల వ్యాజ్యెమున, కఱవు కాలమున సహాయము చేయుచున్నామన్న నెపముతో కనీస వేతనమును తగ్గించుటకు ప్రభుత్వమునకే హక్కు లేదని తీర్పు చెప్పినది. ప్రభుత్వమునకు లేని హక్కు ఒక సేవాసంఘమునకు ఎక్కడినుండి వచ్చినది?

ఇచట ఒక మాట. స్వచ్ఛందసేవ యన్న పేరును కూలికి మాఱుగ వాడుట మన సంఘములకే పరిమితము కాదు. 2005 తరువాత పల్లెపల్లెకు నియమింపబడిన ఆశా కార్యకర్తలను ప్రభుత్వము స్వచ్ఛంద సేవకురాండ్ర లెక్కలో వేసినది. గర్భిణిని అర్ధరాత్రి ఆసుపత్రికి తోడుకొనిపోవునది వారే. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏబది యిండ్ల కొకరు చొప్పున రెండున్నర లక్షలకు మించి గ్రామ, వార్డు వాలంటీర్లను నియమించి, నెలకు 5,000 రూపాయలిచ్చి దానిని గౌరవ వేతన మన్నది. పింఛను సొమ్మును ఇంటింటికి తెచ్చి యిచ్చినది ఆ పిల్లలే. 2024లో ఆ యేర్పాటు ఆగిపోయినది. వారిని గుఱించి రాజకీయ పక్షములు చేసిన వాదములతో మాకు పని లేదు. నెలంతయు పని చేయు మనిషిని సేవకుడని పిలిచినచో జీతమను మాట తప్పిపోవును. గౌరవ మను మాటకు మాత్రము ఖర్చు లేదు. ఈ కిటుకు తెలిసినవారు మన దేశమున చాలమంది కలరు.

కూలి యిచ్చినచో పల్లెవారిలో స్వయంసహాయ బుద్ధి నశించునని మఱియొక యాక్షేపణ. ఈ మాట అను మిత్రులలో ఒకరు ఇంజనీరు, ఒకరు ఉపాధ్యాయుడు. నెల మొదటి తేదీని జీతము తీసికొనుటచేత వీరి బుద్ధి యే కొంచెమును చెడినట్లు మాకు కనబడలేదు. తెల్లవాఱుజామున నీటికి కొళాయి కడ నిలిచి, సంకటి కెలికి, బిడ్డను అత్తకప్పగించి, చేనికి పోయి, మాపటికి పొదుపు సంఘపు సమావేశమునకు గూడ పోవు స్త్రీకి స్వయంసహాయమును మనము నేర్పబోవుట వింత.

కలిసి చేయు పని యెల్ల తప్పని మేమనము. ఆయకట్టు రైతులు తమ పంటకాలువను తాము త్రవ్వుకొనుటయు, ఎకరముల చొప్పున పని పంచుకొనుటయు న్యాయమే. 1997 నాటి చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినపుడు వానిలో భూమి గలవారికే వోటు కలిగినది. వోటు వారిదైనపుడు తట్టయు వారు మోయవలెను. మోయలేనిచో మోయువారికి కూలి యియ్యవలెను.

అట్లయిన చదువుకొన్నవాడు పల్లెకు పోయి చేయవలసిన దేమి? మాకు తోచిన యుత్తర మీ జిల్లాలోనే యున్నది. 2006 ఫిబ్రవరి 2వ తేదీని జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది అనంతపురము జిల్లా నార్పల మండలపు బండ్లపల్లిలో. 2005లో చేసిన ఆ చట్టము ఏడాదికి ప్రతి కుటుంబమునకు నూఱు దినముల పని హామీ యిచ్చినది. పని కోరి దరఖాస్తు పెట్టినవానికి తేదీ వేసిన రసీదు ఇయ్యవలెను. పదునైదు దినములలో పని చూపవలెను. చూపనిచో నిరుద్యోగ భృతి చెల్లింపవలెను. గుత్తదారులు కూడదు. పనిచోట త్రాగునీరు, నీడ యుండవలెను. లెక్కలను గ్రామసభ తనిఖీ చేయవలెను. ఇంత చక్కని చట్టము వ్రాసినవారు ఒక్క సంగతి మాత్రము చేయలేకపోయిరి: దానిని చదివి వినిపించువారిని చట్టముతో పుట్టింపలేరు గదా.

ఆ కొఱతను తీర్చుటకే ఆ యేడు అనంతపురము జిల్లాలో స్వచ్ఛంద సేవకులు పల్లెలకు నడిచి సామాజిక తనిఖీ చేసిరి. వారు పాఱలు పట్టలేదు. మస్టరు పట్టీల నకళ్లు చేతబట్టి, కూలివాని గుమ్మమున కూర్చుండి, "నీ పేర ఇన్ని దినములు పని చేసినట్లున్నది, ఇంత డబ్బు ముట్టినట్లున్నది, నిజమేనా?" అని చదివి అడిగిరి. పిమ్మట అధికారుల యెదుట పదిమందిలో ఆ లెక్కలను బహిరంగముగ చదివిరి. తనిఖీ పద్ధతి రాష్ట్రమంతట స్థిరపడిన తరువాత ఆ పని నేర్చుకొన్నవారిలో అనేకులు కూలి కుటుంబముల పిల్లలే. ఈ సేవలో చేతులు బొబ్బలెక్కవు. కాని ఊరిలో విరోధము పుట్టును. మేస్త్రీ పలుకరింపడు, ఊరిపెద్ద యింట కాఫీ దొరకదు, బంధువు లెవరైన కార్యాలయమున నున్నచో పండుగకు రారు. మన సంఘములవారు పాఱనే కోరుకొనుటకు కారణము ఇదియేనని మా యనుమానము. పాఱకు శత్రువులు లేరు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు బదులు వేఱొక చట్టము చేసి, దినములను 125గ చెప్పినది. దానిలోని మంచిచెడ్డలు మఱియొకమాఱు చర్చింతము. చట్టము పేరు మాఱినను కాగితము చదువనేరని కూలిదాని చిక్కు మాఱలేదు.

స్థిరముగ నుండి చేసినవారి సంగతి వేఱు. స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, నలువదేండ్లు ఇచటనే యుండి, 2009లో ఇచటనే కన్ను మూసెను. బత్తలపల్లి ఆసుపత్రికి పోయివచ్చినవారిని అడిగినచో ఆ నలువదేండ్ల విలువ తెలియును. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారు బోడి గుట్టలను మరల పచ్చబఱచుటయే గాక స్త్రీల పొదుపు సహకార సంఘములను నిలిపిరి. వీరిలో ఎవరును ఆదివారము వచ్చి ఆదివారమే పోలేదు. మనకు అంతటి త్యాగము సాధ్యము కాకపోవచ్చును. కాకపోయిన దోషము లేదు. సాధ్యమైనంత చేయుదము. కాని మన యొక్క దినపు త్యాగమునకు పేదవాని యొక్క దినపు కూలిని పెట్టుబడిగ పెట్టరాదు.

ఈ పత్రికను చదువు గృహిణులకు ఒక విన్నపము. మీ యింటివారు పల్లెకు శ్రమదానమునకు పోవుదుమన్నపుడు ఎదురుకోలు మాటలు చెప్పకుడు; మూడు సంగతులు అడుగుడు. మట్టి యెవరి చేనికి పోవును? తట్ట మోయువారి కూలి యెంత, ఎవరిత్తురు? పందిలికిని మైకునకును అయిన ఖర్చు ఆ కూలికంటె తక్కువా, ఎక్కువా? మా మహోత్సవపు జమాఖర్చులను మేము పిమ్మట చూచితిమి. పందిలి, మైకు, భోజనములు, ఫొటోలు, కార్లకు పెట్రోలు. ఆ మొత్తముతో వచ్చిన కూలివారందఱికి ఆ దినపు వేతనము చెల్లి ఇంకను మిగిలియుండును.

అదే సంఘమువారు వచ్చు నెలలో మఱియొక చెఱువునకు బయలుదేఱుచున్నారు. మమ్మును రమ్మని జాబు వ్రాసిరి. మేము రాలేమని బదులు వ్రాసితిమి. ఆ యవ్వయు ఆమె వాడవారు పదునాఱుగురును పని కోరి పెట్టిన దరఖాస్తునకు ఇంకను రసీదు రాలేదు. ఆదివారము కార్యాలయము తెఱవరు గనుక సోమవారము సెలవు పెట్టి, రసీదు చేతికి వచ్చువఱకు అచటి బల్లమీద కూర్చుండ నిశ్చయించితిమి. మా ఆఫీసులో ఆ సెలవునకు జీతము కోయుదురు. తోడు వచ్చువారుండినచో ఉదయము తొమ్మిదింటికి గార్లదిన్నె బస్సుల కడ కలిసికొనగలరు.